రోడ్డు తాగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?

హోస్ట్: అక్కా, ట్యాంకర్ నీళ్ళు కాంక్రీట్ మీద గుమ్మరిస్తే చుక్క మిగలకుండా లోపలికి పోయే వీడియోలు ఉంటాయి కదా, ప్రతి వానాకాలం మా ఫ్యామిలీ గ్రూపులో ఒకటి వస్తుంది. కింద కామెంట్లు, మన రోడ్లు ఇలా వేస్తే వరదే ఉండదు అని. న్యూజెర్సీలో మీరు రోజూ రోడ్లలో నీళ్ళు ఇంకే లెక్కలే చేస్తారు. అది నిజమేనా?

గెస్ట్: నిజమే తమ్ముడూ, నీళ్ళు అంత వేగంగానే పోతాయి. దాన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉంది. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న రింగును పుట్టీతో నీళ్ళు ఇంకే రోడ్డుకి, మా భాషలో పేవ్‌మెంట్‌కి అతికించి, ముందు కాసిని నీళ్ళతో తడిపి, తర్వాత 18 కిలోల నీళ్ళు పోస్తూ స్టాప్‌వాచ్ చూస్తాం. రింగు లోపల రెండు గీతలుంటాయి, నీటి మట్టం వాటి మధ్యే ఉండేలా చెయ్యి వణక్కుండా పొయ్యాలి. ఆ నీళ్ళు నిమిషంలో ఇంకితే గంటకు సుమారు 15,000 మిల్లీమీటర్ల వాన ఇంకే లెక్క. 2021లో ఐడా తుఫాను వచ్చినప్పుడు న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక్క గంటలో పడింది 80 మిల్లీమీటర్లు, జనం బేస్‌మెంట్లలో మునిగి చనిపోయిన వాన అది. అంటే పైపొర సామర్థ్యం ఆ వానకు సుమారు 190 రెట్లు. కొత్త పేవ్‌మెంట్‌కి పైపొర ఎప్పుడూ సమస్య కాదు.

హోస్ట్: మరి సమస్య ఎక్కడ?

గెస్ట్: కింద. వీడియోలో కనిపించని చోట. పైన సందులున్న కాంక్రీటో, మధ్యలో చిన్న కంకర నింపిన పలకలో ఉంటాయి, దాని కింద ఒకే సైజు కంకర మందంగా పరుస్తారు, ఆ కింద మామూలు నేల. కంకర నిజానికి భూమిలో దాచిన చెరువు. 300 మిల్లీమీటర్ల కంకరలో 40 శాతం ఖాళీ ఉంటే 120 మిల్లీమీటర్ల నీళ్ళు పడతాయి. ఐడా రోజు నెవార్క్‌లో మొత్తం 214 మిల్లీమీటర్లు పడింది. అది పేవ్‌మెంట్ మీద నేరుగా పడింది మాత్రమే, పక్కన బిల్డింగ్ డాబా నీళ్ళు కూడా ఇటే తిప్పితే ఎంతవుతుందో నువ్వే చూడు.

హోస్ట్: కానీ నిండుతూ ఉండగానే కింద ఇంకుతూ కూడా ఉంటుంది కదా?

గెస్ట్: ఆ, మేము కట్టే కంప్యూటర్ మోడల్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న కోసమే! ఎంత వస్తోంది, ఎంత పోతోంది, ఈ నిమిషానికి లోపల ఎంత ఉంది. మేము ఎక్కువగా వాడేది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ళ వాన నీటి సాఫ్ట్‌వేర్ ఎస్‌డబ్ల్యూఎంఎం, 1971 నుంచీ ఉంది, ఉచితం, మన దగ్గర ఇంజనీరింగ్ స్టూడెంట్లు కూడా ఈ రాత్రే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందులో పేవ్‌మెంట్ పొరకి కొన్ని అంకెలు, కంకర పొరకి కొన్ని ఇస్తాం. కొత్తవాళ్ళు జాగ్రత్తగా చూడాల్సిన చోటు ఒకటుంది. కంకరలో ఖాళీ 40 శాతం అన్నాను కదా, అది మొత్తం ఘనపరిమాణంలో ఖాళీ వాటా. సాఫ్ట్‌వేర్ అడిగేది రాయితో పోలిస్తే ఖాళీ ఎంత అన్న నిష్పత్తి, అంటే 60 వంతుల రాయికి 40 వంతుల ఖాళీ, అది 0.67. అక్కడ 0.4 అని కొడితే ఎర్రర్ రాదు, గ్రాఫ్ కూడా అందంగానే వస్తుంది, కానీ 120 మిల్లీమీటర్ల చెరువు 86 అయిపోతుంది.

హోస్ట్: అమ్మో. ఎవరికీ తెలియదు కూడా.

గెస్ట్: తెలియదు. ఇక నేల సంగతి. కంకర అడుగు నుంచి నేల గంటకు ఎంత తాగుతుందో ఒక అంకె ఇవ్వాలి. ఇసుక కలిసిన ఒండ్రు నేలకి పుస్తకాల్లో గంటకు 11 మిల్లీమీటర్లు ఉంటుంది, బంకమట్టికి 0.3. నిండిన 120 మిల్లీమీటర్లు మొదటి నేలలో 11 గంటల్లో ఖాళీ. బంకమట్టిలో 400 గంటలు, పదహారు రోజులకు పైనే. న్యూజెర్సీలో 72 గంటల్లో ఖాళీ అవ్వాలని రూలు, ఎందుకంటే తర్వాతి వాన కబురు పెట్టి రాదు. అదే కాంక్రీటు, అదే కంకర, అదే కాంట్రాక్టర్, కింద మట్టి మారితే ఒకటి పనిచేస్తుంది, ఇంకోటి చెయ్యదు. అలాంటి నేలైతే అడుగున సన్నటి పైపు వేసి నీళ్ళను మెల్లగా మోరీలోకి వదలాలి. అప్పుడు వరద ఉధృతి తగ్గుతుంది, భూగర్భ జలం మాత్రం పెద్దగా పెరగదు.

హోస్ట్: మా ఇంటి ఆడపడుచు వాళ్ళు ఉండేది మీ న్యూజెర్సీలో ఎడిసన్‌లోనే. అక్కడ ఇలాంటి పార్కింగ్ ఏదో ఉందన్నారు కదా మీరు?

గెస్ట్: ఎడిసన్‌లో ఎవరి చుట్టాలు లేరు చెప్పు! అక్కడ ఈపీఏ క్యాంపస్‌లో 2009లో ఒక పార్కింగ్ లాట్ కట్టారు, పలకలు, కాంక్రీటు, తారు మూడు రకాలూ పక్కపక్కనే వేసి, అడుగున తేమను పట్టే సెన్సర్లు పెట్టారు. కార్లు నడిచే దారి మామూలు తారు, కార్లు ఆపే చోటు మాత్రమే నీళ్ళు ఇంకేది. అక్కడ తేలిన విషయం నాకు చాలా ఇష్టం. దుమ్ము అంతటా సమానంగా పేరుకోలేదు. దారి మీద నుంచి కొట్టుకొచ్చిన మట్టి మొదట ఎత్తు వైపు అంచులోనే ఇరుక్కుంది, అది మూసుకున్నాక నీళ్ళు దాని మీదుగా జారి తర్వాతి భాగానికి పోయాయి, అలా మూసుకోవడం పల్లానికి మెల్లగా జరుగుతూ వచ్చింది. ఎస్‌డబ్ల్యూఎంఎంలో మాత్రం పేవ్‌మెంట్ అంతా ఒకేసారి, ఒకే తీరుగా తగ్గుతూ పోతుంది. అందుకే నేను పేవ్‌మెంట్‌ని పట్టీలుగా విడగొట్టి, పైపట్టీలో పొర్లింది కిందిపట్టీకి ఇచ్చేలా కట్టుకుంటాను. పని ఎక్కువే, కానీ శుభ్రం చెయ్యాల్సింది ఎక్కడో తెలుస్తుంది.

హోస్ట్: శుభ్రం అంటే ఊడవడమేనా?

గెస్ట్: చీపురుతో ఊడిస్తే దుమ్ము సందుల్లోకే పోతుంది. దుమ్మును పైకి లాగే మెషీన్ కావాలి, వ్యాక్యూమ్‌ది.

హోస్ట్: హైదరాబాద్ సంగతి చెప్పండక్కా. 2020 అక్టోబర్ 13 నాటి వరద ఎవరూ మర్చిపోలేదు.

గెస్ట్: ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 300 మిల్లీమీటర్లు దాటింది. అంత వానను ఏ కంకరా పట్టుకోలేదు, అది చెరువులు, నాలాల పని. వాటిని పూడ్చేసి పేవ్‌మెంట్ మీద భారం వెయ్యడం అన్యాయం. కానీ ఏటా పలుమార్లు పడే 30, 40 మిల్లీమీటర్ల వానకే కాలనీ రోడ్లు మోకాలి లోతు అవుతున్నాయి చూడు, అక్కడ ఇది బాగా పనికొస్తుంది, ముఖ్యంగా అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో, కాలేజీ ఆవరణల్లో. అయితే మన దగ్గర చాలా చోట్ల కొంచెం తవ్వగానే షీట్ రాక్, అంటే పరుచుకున్న గట్టి బండ, తగులుతుంది, కొన్ని చోట్ల రేగడి. పక్క వీధిలో పనిచేసింది కదా అని ఇక్కడ వెయ్యలేం. ఇంటి పక్కన కన్‌స్ట్రక్షన్ నడుస్తుంటే ఆ ఇసుక, సిమెంటు దుమ్ము ఒక్క సీజన్‌లో సందులు మూసేస్తాయి, అది పూర్తయ్యాకే పలకలు పరచాలి.

ఇంకొకటి, మా వాళ్ళందరికీ గట్టిగా చెప్తాను. మన మేస్త్రీలు గుంత తవ్వగానే అలవాటుగా రోలర్ తిప్పి నేలను గట్టిపరుస్తారు, మామూలు రోడ్డుకి అది సరైన పని. కానీ గట్టిపడిన నేల నీళ్ళు తక్కువ తాగుతుంది, కాబట్టి ఇక్కడ మాత్రం తవ్వకముందు కొలిచిన అంకెకి ఆ నేలతో ఇక సంబంధం లేదు. అందుకే కంకర లారీ రాకముందే గుంత అడుగున రింగులు దింపి మళ్ళీ కొలవాలి, ఆ అంకెతో మోడల్ మళ్ళీ నడపాలి. చాలకపోతే అప్పుడే కంకర మందం పెంచుకోవచ్చు, లేదా అడుగున పైపు వేసుకోవచ్చు. పైన పలకలు పరిచేశాక ఏం చెయ్యాలన్నా అంతా పీకాల్సిందే.