నడుము బెల్టు, మంచం ఎత్తు

శ్రోతలకు నమస్కారం.

పాలకొల్లు దగ్గర మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, చూసుకోవడానికి ఒకావిడను కుదుర్చుకున్నాం. పొద్దున్నే వస్తూనే చీర మీద నడుము బెల్టు చుట్టి, పొట్ట లోపలికి పీల్చి, వెల్క్రో చర్రున లాగి అంటించేది. మే నెల ఉక్కకి బెల్టు కింద చెమటకాయలు లేచినా విప్పేది కాదు. “ఇదుంటే నడుం పట్టెయ్యదండి” అనేది.

నిజంగా పట్టెయ్యదా? అమెరికాలో దుకాణాల్లో సరుకులు ఎత్తి దించే 9 వేల మందికి పైగా ఉద్యోగులను పరిశీలించి 2000లో ఫలితాలు చెప్పారు. రోజూ బెల్టు కట్టినవాళ్లకూ కట్టనివాళ్లకూ నడుంనొప్పిలో తేడా లేదు. మన ఆయమ్మలకు దగ్గరి సంగతి నెదర్లాండ్స్‌ది. ఇళ్లకు వెళ్లి సేవ చేసే 360 మందిని, అదీ అంతకుముందే నడుంనొప్పితో బాధపడ్డవాళ్లను, ఏడాదిపాటు గమనించి 2007లో ప్రకటించారు. నొప్పి ఉన్న రోజు, వస్తుందనిపించిన రోజు బెల్టు కట్టుకోమన్నారు. నొప్పితో గడిచిన రోజులు తగ్గాయి. పెట్టిన సెలవులు మాత్రం తగ్గలేదు. ఒకసారి పట్టేసిన నడుముకు బెల్టుతో కొంత ఊరట ఉందన్నమాట. నొప్పే ఎరగనివాళ్లు ముందుజాగ్రత్తగా కొనడం డబ్బు దండగ అని నా అభిప్రాయం.

అసలు చిక్కు మంచం దగ్గరుంది. నిండు బిందె చంకన పెట్టుకుంటే వీధి చివరిదాకా నడుస్తాం. అదే బిందెను ముందుకు వంగి, చేతులు చాచి పట్టుకోమనండి చూద్దాం! పెద్దమ్మది మోకాలెత్తైనా లేని నవారు మంచం. పెద్దమ్మను పక్కకు తిప్పిన ప్రతిసారీ ఆయమ్మ చేసేది ఈ రెండో పనే. రోగిని ఎత్తేటప్పుడు ఒక్కరి మీద సుమారు 16 కిలోలకు మించి పడకూడదని అమెరికా పరిశోధకుల లెక్క. పెద్దమ్మ బరువు 60 కిలోల పైమాటే.

చివరికి మా తమ్ముడు వడ్రంగిని పిలిచి మంచం కోళ్లు పొడుగు చేయించాడు. ఇటుకలు పెడితే జారతాయి, ఆ పని చేయకండి. తమంతట తాము లేచి తిరిగే పెద్దవాళ్లకైతే ఎత్తు మంచం అసలే వద్దు, పడిపోతారు. పాత నూలుచీర నాలుగు మడతలేసి పెద్దమ్మ కింద పరిచాం. అటొకరు ఇటొకరు అంచులు పట్టి జరిపితే చాలు, ఎత్తే పనే లేదు.

నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా బెల్టు బిగించి ఊరుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడా బెల్టు గోడ మేకుకు వేలాడుతోంది. పెద్దమ్మకు తలంటే రోజున మాత్రం తీసి కట్టుకుంటుంది. “ఇయ్యాళొక్కరోజుకేనండి, ఆయ్” అంటుంది, మేం అడక్కుండానే.