పచ్చగా వెలిగే కణాలు: బ్రెయిన్‌స్టెమ్ మ్యాప్ ఎలా గీశారు?

[స్క్రీన్ మీద: మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే కాండం]

ఊపిరి, గుండె వేగం, నిద్ర, మెలకువ, ఇవన్నీ నడిపేది ఈ చిన్న కాండమే అండి, బ్రెయిన్‌స్టెమ్. దీన్ని పల్చగా కోసి మామూలు రంగు అద్ది చూస్తే కణాలైతే కనిపిస్తాయి గానీ ఏ కణంలో ఏ కెమికల్ ఉందో అస్సలు తెలీదు, పక్కపక్కనే ఉండి ఒకేలా కనిపించే రెండు కణాలు వేరువేరు కెమికల్స్‌తో వేరువేరు పనులు చేస్తుండొచ్చు.

1962లో స్వీడన్‌లో ఫాల్క్, హిల్లార్ప్ దీనికో దారి కనిపెట్టారు. మెదడు ముక్కని గడ్డకట్టించి, ఆ గడ్డలోంచే నీరంతా లాగేసి, వేడి ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టిస్తారు. నీరెందుకు తీయాలంటే, తడి ఉంటే ఆ కెమికల్స్ తాలూకు చిన్న మాలిక్యూల్స్ కణంలోంచి జారిపోతాయి, ఇంక మ్యాప్ ఏం గీస్తాం!

[స్క్రీన్ మీద: నల్లటి బ్యాక్‌గ్రౌండ్, పచ్చటి చుక్కలు]

ఆ ఆవిరితో కలిసిన కెమికల్స్ వెలిగే పదార్థాలుగా మారతాయి, అందుకే ఇలాంటి వెలుగుని చూపించే ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కింద పెడితే, మెదడు కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకోడానికి వాడే కెమికల్స్‌లో డోపమైన్, నోర్‌ఎడ్రినలిన్ ఉన్న కణాలు ఆకుపచ్చగా, సెరటోనిన్ ఉన్నవి పసుపుగా వెలుగుతాయి. ఆ పసుపు ఎంత సుకుమారమంటే లైట్ పడుతుండగానే కళ్లముందే వెలిసిపోతుంది, చూసే కొద్ది సేపట్లోనే గుర్తు పెట్టేసుకోవాలి. నాకైతే ఈ ఓపిక తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

1964లో డాల్‌స్ట్రామ్, ఫుక్సే ఎలక మెదడంతా ఇలా వెతికి, కింద మెడుల్లా (కాండంలో వెన్నుపాముకి ఆనుకున్న భాగం) నుంచి పైకి నంబర్లు వేశారు, పచ్చవి ఏ1 నుంచి ఏ12, పసుపువి బీ1 నుంచి బీ9. పాత పేర్లు వాడకుండా నంబర్లు ఇవ్వడం చాలా మంచి పని, ఎందుకంటే ఈ గుంపులు పుస్తకాల్లో గీసిన పాత హద్దుల్లో ఒదగవు. ఏ9 అంటే సబ్‌స్టాన్షియా నైగ్రా, పార్కిన్సన్స్ జబ్బులో చనిపోయే డోపమైన్ కణాలు ఇవే. ఏ6 అంటే లోకస్ సెరూలియస్, ఎలకలో ఒక్కో వైపు సుమారు 1,500 కణాలే, కానీ వాటి పోగులు పైన కార్టెక్స్ (మెదడు పై పొర) దాకా, కింద వెన్నుపాము దాకా పాకుతాయి.

ఒక చిక్కు మిగిలింది. డోపమైన్ పచ్చే, నోర్‌ఎడ్రినలిన్ పచ్చే, మరి ఏది ఏదో ఎలా చెప్పాలి? తర్వాత వచ్చిన యాంటీబాడీలు, అంటే ఒక ఫలానా ప్రోటీన్‌కే వెళ్లి అతుక్కునే మాలిక్యూల్స్, కెమికల్‌ని కాదు, దాన్ని తయారుచేసే ఎంజైమ్‌ని పట్టుకున్నాయి. ఈ కెమికల్స్ తయారీలో మొదటి మెట్టు ఎంజైమ్ టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ ఒక్కటే ఉంటే దాదాపుగా డోపమైన్ కణం, డోపమైన్‌ని నోర్‌ఎడ్రినలిన్‌గా మార్చే ఎంజైమ్ కూడా ఉంటే నోర్‌ఎడ్రినలిన్ కణం, దాన్ని ఇంకో మెట్టు ఎక్కించి ఎడ్రినలిన్‌గా మార్చే పీఎన్‌ఎంటీ అనే ఎంజైమ్ కూడా ఉంటే ఎడ్రినలిన్ కణం. అలా 1974లో హోక్‌ఫెల్ట్ బృందం వెతికితే, ఏ1, ఏ2 గుంపుల పై భాగంలో ఇన్నాళ్లూ నోర్‌ఎడ్రినలిన్ అనుకున్న కణాల్లో కొన్ని ఎడ్రినలిన్‌వని తేలి వాటికి సీ1, సీ2 అని కొత్త పేర్లు పడ్డాయి, బీపీ పడిపోకుండా చూసే కణాలు ఆ సీ1లోనే ఉన్నాయి.