అడవి క్యాబిన్‌లో ఫిల్మ్ కెమెరా: వెలుతురు కొలవడం నుంచి రీలు కడిగేదాకా

[తెర మీద: చెట్ల మధ్య చెక్క క్యాబిన్. లోపల కిటికీ గట్టు మీద పాత ఫిల్మ్ కెమెరా.]

నమస్కారం. అడవిలో క్యాబిన్ తీసుకుని కొన్నాళ్లు ఉండిపోదామని బయల్దేరేవాళ్లు, సామాను సర్దేటప్పుడు బీరువా అడుగున పడి ఉన్న ఫిల్మ్ కెమెరాని కూడా బ్యాగులో వేసుకుంటుంటారు. చాలా మంచి పని. కాకపోతే మొదటి రీలు కడిగాక నిరాశ పడేవాళ్లు ఎక్కువ. చెట్ల మొదళ్లన్నీ నల్లటి ముద్దలా ఉంటాయి. ఆకుల సందుల్లోంచి పడిన ఎండ తెల్లటి మచ్చలై ఉంటుంది. కెమెరా చెడిపోయిందేమో అని అనుమానం వస్తుంది. చాలాసార్లు కెమెరాలో ఏ దోషమూ ఉండదు. అడవిలో వెలుతురు మన కంటికి తోచినదానికంటే చాలా తక్కువ, పైగా చాలా హెచ్చుతగ్గులతో ఉంటుంది. ఫిల్మ్‌కి ఆ తేడా ముందే లెక్కగట్టి చెప్పాలి.

ఆ లెక్క ఒక్కరోజు అడవి చూసి వచ్చేవాళ్లకి దొరకదు. అక్కడే ఉండి, అవే చెట్లని పొద్దున, మధ్యాహ్నం, మబ్బులో, వాన వెలిశాక చూసినవాళ్లకి దొరుకుతుంది. ఫిల్మ్ ఫొటోగ్రఫీకి క్యాబిన్ కంటే మంచి చోటు లేదని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

[తెర మీద: ఆరుబయట ఎండ, తర్వాత దట్టమైన చెట్ల కింద. రెండుచోట్లా లైట్ మీటర్ దగ్గరగా.]

ముందు ఎండలో నిలబడదాం. ఫిల్మ్ రోజుల నుంచి నోటిలెక్కగా వస్తున్న సూత్రం ఒకటుంది, సన్నీ 16 అంటారు. నిండు ఎండలో అపెర్చర్ని, అంటే లెన్స్ రంధ్రాన్ని, ఎఫ్16 దగ్గర పెట్టి, ఫిల్మ్ ఐఎస్ఓ (వెలుతురుకి ఫిల్మ్ ఎంత చురుకో చెప్పే అంకె) ఎంతో షట్టర్ వేగం దానికి దగ్గరగా పెడితే చాలు. 400 ఐఎస్ఓ ఫిల్మ్ అయితే సెకనులో 400వ వంతు. డయల్ మీద ఆ అంకె ఉండదు కాబట్టి 500 పెడతాం.

ఇప్పుడు దట్టమైన చెట్ల కిందికి రండి. వెలుతురు ఆరేడు స్టాప్‌లు పడిపోవడం మామూలే. ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది. ఏడుసార్లు సగం చేస్తే మిగిలేది 128వ వంతు. ఎఫ్16 నుంచి ఎఫ్2.8 దాకా తెరిస్తే ఐదు స్టాప్‌లు తిరిగి వస్తాయి. మిగతా రెండూ షట్టర్ దగ్గర రాబట్టుకోవాలి, అంటే 500 నుంచి 125కి, సెకనులో 125వ వంతుకి దిగాలి. పొద్దు వాలేసరికి అది 30కి, 15కి వచ్చేస్తుంది. చేత్తో పట్టుకుని తీస్తే ఫొటో కదిలిపోతుంది. అందుకే అడవికి ట్రైపాడ్ తప్పనిసరి. క్యాబిన్‌లో ఉండేవాళ్లకి దాన్ని మైళ్లకొద్దీ మోసే పని కూడా ఉండదు.

మరి అంత చీకటి మనకెందుకు తెలియదు? కంటిపాప పెద్దదవుతుంది, మెదడు సర్దుకుంటుంది. నీడలో రెండు నిమిషాలు నిలబడితే అంతా మామూలుగానే కనిపిస్తుంది. ఫిల్మ్ అలా సర్దుకోలేదు.

మీటర్ ఉందిగా అంటారా? పాత కెమెరాల్లో మీటర్ ఎదుట ఉన్నదాన్నంతా కలిపి సగటు తీస్తుంది. ఆ సగటు ఓ మధ్యరకం బూడిదరంగు అనుకుని కొలత చెబుతుంది. 18 శాతం వెలుతురుని వెనక్కి పంపే బూడిదరంగు అది. కొమ్మల సందుల్లో ఆకాశం కాస్త కనిపించినా చాలు, ఇక్కడ వెలుతురు బాగా ఉందని పొరబడుతుంది. దాని మాట వింటే చెట్లు నల్లబడిపోతాయి.

దీనికి అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో ఓ పద్ధతి తయారుచేశారు. జోన్ సిస్టమ్ అని పేరు. మొత్తం నేర్చుకోవాలంటే చాలా ఉంది కానీ అడవిలో మనకి అందులో ఒక్క ముక్క చాలు. నెగెటివ్ ఫిల్మ్‌కి, అంటే వెలుగునీడలు తిరగబడి పడే ఫిల్మ్‌కి, నీడలని చూసి ఎక్స్‌పోజర్ (ఫిల్మ్‌కి తగలనిచ్చే వెలుతురు) ఇవ్వాలి.

[తెర మీద: నాచు పట్టిన చెట్టు మాను, నీడవైపు బెరడు. మీటర్‌ని దానికి దగ్గరగా పెట్టి చూపించాలి.]

ఈ మాను చూడండి. ఎండ తగలని వైపు బెరడులో పగుళ్లు, వాటి మధ్య నాచు. ఫొటోలో ఈ పగుళ్లు కనిపించాలని నా కోరిక. మీటర్‌ని సరిగ్గా ఈ నీడకి చూపిస్తే ఎఫ్2.8 దగ్గర సెకనులో 15వ వంతు అంటోంది. అలాగే తీస్తే ఈ నల్లటి బెరడు పగటి వెలుగులో ఉన్నట్టు బూడిదరంగులో వస్తుంది, నీడలా అనిపించదు. అందుకని రెండు స్టాప్‌లు తగ్గిస్తాను. 15 నుంచి 30, 30 నుంచి 60. ఇప్పుడు బెరడు చీకటిగానే ఉంటుంది, అయినా పగుళ్లు తెలుస్తాయి. దీనికంటే తగ్గిస్తే మాత్రం ఆ పగుళ్లు నెగెటివ్ మీద అసలు పడవు. పడనిదాన్ని తర్వాత ఏ స్కానరూ తెచ్చివ్వలేదు.

అందుకే నా సలహా, క్యాబిన్‌లో దిగిన మొదటి వారం కెమెరాలో ఫిల్మ్ వెయ్యకండి. వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. ఒక మీటర్, ఒక నోట్‌బుక్ చాలు. ఫోన్‌లో మీటర్ యాప్ అయినా పనికొస్తుంది. మీరు రోజూ నడిచే దారిలోనే రెండు మూడు చోట్లు ఎంచుకోండి. కిటికీలోంచి కనిపించే చెట్టు, బాట మలుపు, దగ్గర్లో నీళ్లుంటే ఒడ్డున ఉన్న బండ. అటు వెళ్లినప్పుడల్లా నీడ ఎంత చెబుతోందో, ఎండ మచ్చ ఎంత చెబుతోందో, టైమెంతో రాసుకోండి. ఎండ ఉన్న మధ్యాహ్నం ఆ రెండింటికీ మధ్య ఏడెనిమిది స్టాప్‌ల తేడా వస్తుంది. మబ్బు పట్టిన రోజు అదే చోట మూడు నాలుగుకి పడిపోతుంది. అడవి ఫొటోలకి మబ్బు రోజే మంచిదని పెద్దవాళ్లు ఎందుకంటారో మీ నోట్‌బుక్కే చెబుతుంది. వాన వెలిసిన వెంటనే బెరడు ఇంకా నల్లబడుతుంది, ఆకులు మెరుస్తాయి. ఆ మెరుపు తగ్గించడానికి లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ పెడితే ఇంకో స్టాప్‌న్నర పోతుంది. వారం తిరిగేసరికి మీటర్ తియ్యకముందే అంకె నోటికి వస్తుంది. నాకు ఫిల్మ్ మీద మళ్లీ ప్రేమ పుట్టింది సరిగ్గా అక్కడే.

ఇక ఫిల్మ్ ఎంపిక. తడుముకోవాల్సిన పని లేదు, 400 ఐఎస్ఓ బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌తో మొదలుపెట్టండి. కొడాక్ ట్రై-ఎక్స్ 35 ఎంఎంలో 1954 నుంచి ఉంది. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ కూడా అలాంటిదే. రెండూ వెలుతురు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటాయి. రంగు ఫిల్మ్ వెయ్యాలనుంటే, ఆకుల్లోంచి జారిన వెలుతురు మనుషుల ముఖాల మీద పచ్చగా పడుతుందని గుర్తుంచుకోండి. కన్ను దాన్ని పట్టించుకోదు, ఫిల్మ్ పట్టించుకుంటుంది. నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మ వచ్చే స్లైడ్ ఫిల్మ్‌ని మబ్బు రోజులకి దాచుకోండి.

[తెర మీద: సంధ్యవేళ ట్రైపాడ్ మీద కెమెరా, కేబుల్ రిలీజ్.]

సంధ్యవేళ ఇంకో చిక్కు ఉంది. ఒక సెకను దాటిన ఎక్స్‌పోజర్లలో ఫిల్మ్ మందగిస్తుంది. సిల్వర్ హాలైడ్ స్ఫటికం మీద వెలుతురు గుర్తు నిలవాలంటే కాస్త వ్యవధిలోనే కొన్ని వెండి పరమాణువులు ఒకచోట చేరాలి. వెలుతురు మరీ నెమ్మదిగా వస్తే, రెండోది చేరేలోపు మొదటిది చెదిరిపోతుంది. రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటే ఇదే. హెచ్‌పీ5 ప్లస్‌కి ఇల్ఫర్డ్ ఇచ్చిన సూత్రం ప్రకారం మీటర్ 10 సెకన్లు చెబితే సుమారు 20 సెకన్లు ఇవ్వాలి. 30 చెబితే దాదాపు నిమిషంన్నర. ఈ రెండు అంకెలు నోట్‌బుక్ అట్ట మీద రాసిపెట్టుకోండి, చీకట్లో లెక్కలు వెయ్యాల్సిన టెన్షన్ ఉండదు.

కెమెరా సంగతి త్వరగా చూసేద్దాం. వెనక తలుపు తీసి అంచుల్లో నల్లటి ఫోమ్‌ని వేలితో తాకండి. జిగురులా అంటుకుంటే అది మార్చాలి, లేకపోతే లోపలికి వెలుతురు కారుతుంది. ఫిల్మ్ లేకుండా షట్టర్ వేగం ఒక సెకను పెట్టి, నొక్కి చెవితో వినండి, మధ్యలో ఆగినట్టుంటే మెకానిక్‌కి చూపించాలి. 1960ల, 70ల కెమెరాల మీటర్లు చాలావరకు 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ కోసం చేసినవి. వాటి అమ్మకం ఆగిపోయింది. అదే సైజు ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు ఇస్తుంది, దాంతో కొన్ని మీటర్లు తప్పు చెబుతాయి. వినికిడి పరికరాల్లో వాడే జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 దగ్గర నిలకడగా ఉంటుంది, అది నయం.

చెక్క క్యాబిన్‌లో లెన్స్‌కి అసలు శత్రువు తేమ. తోలు సంచిలో పెట్టి మూలన పడేస్తే లెన్స్ లోపల సాలెగూడు లాంటి ఫంగస్ పడుతుంది. మూత గట్టిగా బిగిసే డబ్బాలో సిలికా జెల్‌తో పాటు పెట్టండి. బయట చలిలో తిరిగి వెచ్చటి గదిలోకి వచ్చేటప్పుడు, గుమ్మం బయటే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసెయ్యండి. నీటి ఆవిరి కవర్ మీద పడుతుంది, లెన్స్ మీద కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్మ్ కూడా గది వేడికి వచ్చేదాకా డబ్బా మూత తియ్యకూడదు.

[తెర మీద: బల్ల మీద డెవలపింగ్ ట్యాంకు, రీలు, కత్తెర, థర్మామీటర్, మూడు సీసాలు.]

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, రీలు కడగడం, అంటే మందుల్లో ముంచి ఫిల్మ్ మీద బొమ్మ తెప్పించడం. క్యాబిన్‌లో రాత్రి కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి ఉంటుంది, వీధిదీపాల గొడవ లేదు. అయినా నమ్మకండి. దీపాలు ఆర్పి ఐదు నిమిషాలు కూర్చోండి. చెయ్యి ఆడిస్తే లీలగా కనిపించినా ఆ గది పనికిరాదు. పొయ్యిలో నిప్పులు కూడా మిగలకూడదు. ఎర్ర దీపం ఉంటే ఫర్వాలేదనుకునేవాళ్లున్నారు. ఆ దీపం ప్రింట్లు వేసే కాగితానికి. మనం వాడే ఫిల్మ్‌కి ఎరుపు కూడా కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే చేతులు దూర్చి పనిచేసే ఛేంజింగ్ బ్యాగ్ కొనుక్కోండి.

చీకట్లో చెయ్యాల్సింది ఒక్కటే, ఫిల్మ్‌ని ప్లాస్టిక్ రీలు గాడిలోకి ఎక్కించి, వెలుతురు చొరబడని ట్యాంకులో పెట్టి మూత వెయ్యడం. ఫిల్మ్ కొసలో రెండు మూలలూ కొద్దిగా కత్తిరించండి, సాఫీగా వెళ్తుంది. ప్లాస్టిక్ రీలులో పిసరంత తేమ ఉన్నా ఫిల్మ్ మధ్యలో పట్టేస్తుంది. అడవి క్యాబిన్‌లో ఇది మాటిమాటికీ ఎదురవుతుంది కాబట్టి పగలే రీలుని పొయ్యికి కాస్త దూరంలో పెట్టి ఆరబెట్టండి. చివర్లో ఫిల్మ్‌ని దాని డబ్బా ఇరుసుకి అంటించిన టేపుని విసురుగా లాగకండి. పొడి గాలి ఉన్న చలికాలంలో అక్కడ పుట్టే చిన్న మెరుపు కూడా ఫిల్మ్ మీద గీతలా పడుతుంది. పాడైపోయిన ఫిల్మ్ ఒకటి తీసుకుని ముందు వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని సాధన చెయ్యండి.

ట్యాంకు మూత పడ్డాక దీపం వెలిగించుకోవచ్చు. హెచ్‌పీ5 ప్లస్‌ని 400 దగ్గర తీసి, ఐడీ-11 డెవలపర్‌ని (బొమ్మ తెప్పించే మందు) సమానంగా నీళ్లు కలిపి వాడితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. మొదటి పది సెకన్లు, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో పది సెకన్లు ట్యాంకుని తలకిందులు చేసి తిప్పాలి. చలి గదిలో ఆ 13 నిమిషాల్లోనే మందు చల్లారిపోతుంది. అందుకని 20 డిగ్రీల నీళ్లున్న వెడల్పాటి తొట్టిలో ట్యాంకుని నిలబెట్టండి. తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్ పది సెకన్లు, బొమ్మని వెలుతురుకి చెడిపోకుండా నిలబెట్టే ఫిక్సర్ సీసా మీద రాసినంతసేపు.

ఆఖర్న మందులు పోయేలా నీళ్లతో కడగడానికి కుళాయి కింద గంటసేపు పెట్టాల్సిన పని లేదు. ఇల్ఫర్డ్ పద్ధతిలో ట్యాంకు నింపి ఐదుసార్లు తిప్పి పారబోయాలి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. ఒక రీలుకి లీటరు లోపే అయిపోతుంది. బావి నీళ్లలో ఇసుక, ఇనుము ఉంటే వడకట్టుకోండి. ఆఖరి నీళ్లు మాత్రం డిస్టిల్డ్ అయితే మంచిది, మరకలు పడవు.

మందులు దొరకని చోట ఇన్‌స్టంట్ కాఫీ, వాషింగ్ సోడా, విటమిన్ సి కలిపి కూడా డెవలప్ చెయ్యొచ్చు. కాఫెనాల్ అంటారు. 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఒక తరగతిలో మొదలైంది. పని చేసేది కెఫీన్ కాదు, కాఫీలోని కెఫియిక్ ఆమ్లం. వాసన భరించడం కష్టం కానీ నెగెటివ్ నిజంగానే వస్తుంది. ఫిక్సర్ మాత్రం దీనికీ కావాలి.

ఆ ఫిక్సర్ గురించి గట్టిగా చెప్పాలి. వాడేసిన ఫిక్సర్‌లో ఫిల్మ్ నుంచి కరిగిన వెండి ఉంటుంది. నీళ్లలో బతికే జీవులకి అది విషం. వాగులో పొయ్యకండి, నేల మీద పొయ్యకండి, సెప్టిక్ ట్యాంకులోకి కూడా వదలకండి, అక్కడ పనిచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. డబ్బాలో పోగుచేసి, ఊరికి వెళ్లినప్పుడు ఫొటో ల్యాబ్‌కో, రసాయన వ్యర్థాలు తీసుకునే చోటుకో ఇవ్వండి. ఏ అడవిని చూసి ముచ్చటపడి ఫొటో తీశామో ఆ అడవి నీళ్లనే పాడుచెయ్యడానికి నాకు మనసొప్పదు.

[తెర మీద: కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టిన నెగెటివ్. పక్కన నోట్‌బుక్.]

నెగెటివ్ ఆరాక కిటికీ వెలుతురుకి పట్టుకుని చూడండి. పొయ్యి ఉన్న గదిలో బూడిద ఎగురుతుంటుంది, ఆరబెట్టడం వేరే గదిలో పెట్టుకోండి. నెగెటివ్‌లో నీడలు పల్చగా, ఎండ మచ్చలు దట్టంగా ఉంటాయి. నోట్‌బుక్‌లో ఆ ఫ్రేముకి రాసుకున్న అంకె తీసి, బెరడు ఉండాల్సిన చోట చూడండి. పగుళ్ల గీతలు సన్నగా అయినా కనిపిస్తే మీ కొలత సరిగ్గా ఉంది. అక్కడ ఏమీ లేకుండా గాజులా ఉంటే, తర్వాతి రీలుకి మీటర్ మీద 400 బదులు 200 పెట్టండి. నీడలు బాగానే ఉండి ఎండ మచ్చలు మరీ నల్లగా ఉంటే మీటర్ జోలికి వెళ్లకండి, డెవలపర్‌లో ఉంచే సమయం ఐదో వంతు తగ్గించండి. ఒకసారికి ఒక్కటే మార్చి, అదే చెట్టు దగ్గర, అదే టైముకి ఇంకో ఫ్రేము తియ్యండి.