‘నిల్’ అని రాసే ముందు: వృషణం నుంచి వీర్యకణాలు దొరుకుతాయో లేదో ఎంతవరకు చెప్పగలం?

వేదిక మీది పెద్దలకు, హాల్లో ఉన్న గైనకాలజిస్టులకు, ల్యాబ్ మిత్రులకు నమస్కారం. పరిచయ వాక్యాలకే పది నిమిషాలు అయిపోయాయి కాబట్టి మర్యాదలు ఇంతటితో ఆపి విషయంలోకి వస్తాను.

మగవాళ్ళలో వందకు ఒకరికి వీర్యంలో ఒక్క కణం కూడా ఉండదు. పిల్లల్లేక పరీక్షలకు వచ్చే మగవాళ్ళనే లెక్కేస్తే ఇది వందకు పది, పదిహేను దాకా ఉంటుంది. 1992లో బ్రస్సెల్స్ బృందం ఇక్సీ, అంటే వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి, ఫలితాలు ప్రకటించాక ఒక అండానికి ఒక్క కణం చాలన్నది తేలిపోయింది. అప్పట్నుంచి ప్రతి జంటా అడిగేది ఒకటే: “ఆపరేషన్ చేస్తే దొరుకుతాయా, ఎంత ఛాన్సు?” రక్తపరీక్షలు, జన్యుపరీక్షలు, కంప్యూటర్ మోడళ్ళు అని మూడు భాగాలుగా జవాబు చెబుదామనుకున్నాను. కానీ వాటికన్నా ముందు ఒక కాగితం ఉంది. నాకు కోపం వచ్చేది దాని దగ్గరే.

అది సెమెన్ రిపోర్టు. ఒక చుక్క స్లైడు మీద వేసి, నాలుగు ఫీల్డులు చూసి ‘నిల్’ అని రాసేస్తున్నారు. శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్ మెషీన్‌లో 3000 జీ బలంతో, అంటే భూమ్యాకర్షణకు 3000 రెట్లతో, 15 నిమిషాలు తిప్పాలి. అడుగున దిగిన మడ్డిని వదలకుండా వెతకాలి. కనీసం రెండు వేర్వేరు శాంపిళ్ళలో అలా చూశాకే ఆ మాట రాయాలి. ల్యాబ్ నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? ఒకసారి చేతులెత్తండి. మీ మెషీన్ మీద కనబడే అంకె ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. 3000 జీ అంటే 3000 ఆర్‌పీఎం కాదు. రోటర్ వ్యాసార్థం 10 సెంటీమీటర్లయితే 3000 ఆర్‌పీఎం దగ్గర వచ్చేది సుమారు 1000 జీ, అంటే కావలసినదాంట్లో మూడో వంతు. అదే రోటర్‌తో 3000 జీ రావాలంటే దాదాపు 5200 ఆర్‌పీఎం పెట్టాలి. మీ మెషీన్ అంత తిరగదా? తప్పేం లేదు. ‘సెంట్రిఫ్యూజ్ చేయలేదు’ అని రిపోర్టులో రాయండి. మడ్డిలో కదిలే కణాలు నాలుగు కనబడినా వాటిని ఫ్రీజ్ చేసుకోవచ్చు, కత్తి అవసరమే రాకపోవచ్చు. ఆపరేషన్ రోజు పొద్దున కూడా ఇంకోసారి శాంపిల్ చూడమనేది ఇందుకే.

వాల్యూమ్ కూడా రాయండి. ఒక మిల్లీలీటరు కూడా రాలేదంటే ముందు శాంపిల్ డబ్బా బయట పడిందేమో అడగండి. అదేం కాకపోతే నాళం మూసుకుపోయి ఉండొచ్చు, వీర్యకణాలను మోసుకొచ్చే వాస్ నాళాలు పుట్టుకతోనే లేకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోవచ్చు. స్ఖలనం తర్వాతి మూత్రాన్ని పరీక్షిస్తే అది తెలిసిపోతుంది. వాస్ లేదన్నది వేళ్ళతో తడిమితే తెలుస్తుంది, స్కాన్ అక్కర్లేదు. అలాంటివాళ్ళకు సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బుకు సంబంధించిన సీఎఫ్‌టీఆర్ జన్యుపరీక్ష చేయించాలి, భార్యకు కూడా.

ఇక అసలు అంచనా. అడ్డంకి వల్లనా, ఉత్పత్తి లేకనా అన్నది మొదట తేలాలి. వృషణాన్ని పనిచేయించే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తంలో 7.6 లోపు ఉండి, వృషణం పొడవు 4.6 సెంటీమీటర్లు దాటితే ఎక్కువగా అడ్డంకే. అక్కడ దాదాపు అందరికీ కణాలు దొరుకుతాయి, సూదితోనే సరిపోతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువ, వృషణాలు చిన్నవి అయితే ఉత్పత్తి లోపం. మన కష్టమంతా ఈ రెండోవాళ్ళతోనే. మంచి చేతుల్లో మైక్రో టీసీ, అంటే మైక్రోస్కోపుతో చూస్తూ వృషణం నుంచి కణాలు తీసే ఆపరేషన్, చేస్తే వీళ్ళలో సుమారు సగం మందికి దొరుకుతాయి.

మూడో రకం ఒకటుంది, దాన్ని మరిచిపోతున్నాం. ఎఫ్‌ఎస్‌హెచ్, దాని జోడు హార్మోన్ ఎల్‌హెచ్ రెండూ బాగా తక్కువ. వీళ్ళను థియేటర్‌కు పంపకండి. పుట్టుకతో వచ్చిన హార్మోన్ లోపమైతే ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ, దాంతోపాటు ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు నెలల తరబడి ఇస్తే చాలామందికి వీర్యంలోనే కణాలు వస్తాయి. కండలు పెంచిన కుర్రాడైతే జిమ్‌లో ఏం వేసుకుంటున్నాడో అడగండి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వేసుకుంటే లోపలి ఉత్పత్తి ఆగిపోతుంది. మానేస్తే చాలామందికి తిరిగొస్తుంది, కానీ కొందరికి ఏడాది పైన పడుతుంది. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరైనా ‘బలానికి’ అని సంతానం కావాలనుకునే మగవాడికి టెస్టోస్టిరాన్ రాస్తుంటే, దయచేసి ఈరోజుతో ఆపండి.

జన్యుపరీక్షలు రెండు: క్రోమోజోముల లెక్క చూసే కేరియోటైప్, వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్కలు పోయాయేమో చూసే మైక్రోడిలీషన్ పరీక్ష. ఖచ్చితంగా ‘వద్దు’ అని చెప్పగలిగేది ఇక్కడే. వై క్రోమోజోమ్‌లో వీర్యకణాల తయారీకి కావలసిన ఏజెడ్‌ఎఫ్ భాగాలు ఏ, బీ, సీ అని మూడు; వాటిలో ఏ గానీ బీ గానీ పూర్తిగా పోయి ఉంటే కణాలు దొరకడం దాదాపు అసాధ్యం, ఆపరేషన్ చేయకూడదు. సీ మాత్రమే పోతే సగం మందికి పైగా దొరుకుతాయి. కాకపోతే పుట్టే మగపిల్లవాడికి అదే లోపం వెళుతుందని ముందే చెప్పాలి. ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండి ఎక్స్‌ఎక్స్‌వై అయినవాళ్ళకు, అంటే క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్ళకు, ‘మీకు పిల్లలు పుట్టరు’ అని ఇప్పటికీ చెబుతున్నారు. వాళ్ళలో నూటికి నలభై మందికి పైనే దొరుకుతున్నాయి.

మిగతా అంకెలన్నీ ఇంత నమ్మదగ్గవి కావు. ఎఫ్‌ఎస్‌హెచ్ 40 ఉంది కాబట్టి ఆశలేదనడం తప్పు. చాలా ఎక్కువగా ఉన్నవాళ్ళలోనూ దొరుకుతున్నాయి. వృషణం రెండు మిల్లీలీటర్లే ఉన్నా దొరుకుతున్నాయి. ఎందుకంటే ఎఫ్‌ఎస్‌హెచ్ చెప్పేది మొత్తం వృషణం సగటు. మనకు కావలసింది ఎక్కడో ఒక మూల కణాలు తయారుచేస్తున్న రెండు గొట్టాలు. పైరంతా ఎండిపోయిన మడిలో గట్టు పక్కన నాలుగు దుబ్బులు పచ్చగా ఉండొచ్చు. తిరకాసు ఇంకోటుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ నార్మల్, సైజు నార్మల్, అడ్డంకి లేదు, అయినా కణాల్లేవు. ఇది మెచ్యురేషన్ అరెస్ట్, అంటే కణాల తయారీ మధ్యలోనే ఆగిపోవడం. కాగితం మీద బాగా కనబడుతుంది, దొరకడం మాత్రం కష్టం. దీంట్లో కొన్ని తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే జన్యులోపాలు. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి, అతని తల్లిదండ్రులది దగ్గరి సంబంధమా, అన్నదమ్ములకు పిల్లలున్నారా అని తప్పకుండా అడగండి.

కంప్యూటర్ మోడళ్ళ గురించి పన్నెండు స్లైడ్లు తెచ్చాను. వదిలేస్తాను, ఒక్క మాట చాలు. అవి ఆపరేషన్ దాకా వచ్చినవాళ్ళ లెక్కలతో తయారైనవి, చాలావరకు ఒకే ఆస్పత్రివి. సర్జన్ చెయ్యి ఎంత మంచిదో, ల్యాబ్‌లో కణాలు వెతికే ఎంబ్రియాలజిస్టు ఎన్ని గంటలు మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నారో ఆ లెక్కలో లేదు. మైక్రో టీసీలో వృషణాన్ని అడ్డంగా తెరిచి, ఇరవై రెట్లకు పైగా పెంచి చూస్తూ, లావుగా తెల్లగా ఉన్న గొట్టాలను ఏరి తీస్తాం. వాటిని కత్తెరతో మెత్తగా కత్తిరించి, 24 గేజ్ క్యాన్యులాలోంచి పదేపదే పోనిచ్చి, అక్కడే మైక్రోస్కోపు కింద వెతకాలి. ఇరవై నిమిషాలు వెతికి ‘లేవు’ అన్నచోట రెండు గంటలు వెతికితే దొరకొచ్చు. ఈ తేడాను పట్టుకునే మోడల్ నేను చూడలేదు.

ఇప్పుడు నా రెండో కోపం. జన్యుపరీక్ష చేయకుండానే ‘ఊరికే చూద్దాం’ అని రెండువైపులా సూదులు గుచ్చుతున్నారు. ఉత్పత్తి లోపంలో సూదికి దొరికే అవకాశం మైక్రో టీసీ కన్నా బాగా తక్కువ. దొరకలేదని జంట ఆశ వదిలేసుకుంటుంది. లోపల రక్తం గడ్డకట్టి మచ్చలు పడతాయి, తర్వాత వచ్చే సర్జన్‌కు కష్టం. పాత బయాప్సీలు ఎక్కువయ్యేకొద్దీ కణాలు దొరికే అవకాశం తగ్గుతుంది. ఒకసారి చేశాక రెండోదానికి కనీసం ఆరు నెలలు ఆగాలి.

దొరికినా కథ అయిపోలేదు. బ్రస్సెల్స్‌లోనే 714 మంది ఉత్పత్తి లోపం ఉన్నవాళ్ళను మామూలు టీసీ (ఆపరేషన్‌లో మైక్రోస్కోపు వాడనిది) తర్వాత చివరిదాకా గమనిస్తే, కణాలు దొరికింది నూటికి నలభై మందికి. ఆ కణాలతో బిడ్డ పుట్టింది మొత్తంలో ఏడుగురికి ఒక్కరికి. జంటకు రెండు అంకెలూ చెప్పండి. భార్య వయసు ఆ రెండో అంకెను మార్చేస్తుంది. అదే రోజు అండాలు తీయాలని ఆమెకు ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు, కణాలు దొరక్కపోతే అండాలు ఫ్రీజ్ చేయాలా, దాత కణాలకు ఒప్పుకుంటారా అన్నది కాగితం మీద ఉండాలి. దాత కణాలంటే 2021 సంతాన సాఫల్య చికిత్సల (ఏఆర్‌టీ) చట్టం ప్రకారం రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి. థియేటర్ బయట నిలబెట్టి అడిగే ప్రశ్న కాదది.

చివరిగా సర్జన్లకు. దొరికినా దొరక్కపోయినా ఒక ముక్క హిస్టాలజీకి, అంటే కణజాల పరీక్షకు పంపండి, ఫార్మలిన్‌లో కాదు, బూయిన్ ద్రావణంలో. ఫార్మలిన్‌లో గొట్టాలు ముడుచుకుపోయి ఏ దశలో ఆగిందో తెలియదు. ఉన్నవాటిలో మంచి అంచనా ఇచ్చేది ఆ రిపోర్టే. డిశ్చార్జి కాగితంలో ఎన్నిచోట్ల తీశారు, ఎంతసేపు వెతికారు అన్నది రాయండి. ప్రశ్నలుంటే అడగండి. ల్యాబ్ వాళ్ళు ముందు.