సుబ్బారావు గారి పీహెచ్‌డీ

(జనవరి 12న భీమవరంలోని ఒక డిగ్రీ కళాశాలలో, యల్లాప్రగడ సుబ్బారావు జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకి, కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ విభాగాల అధ్యాపకులకి, నన్ను స్టేషన్ నుంచి ఇక్కడికి భద్రంగా చేర్చిన ఆ ఇద్దరు అమ్మాయిలకి, మీ అందరికీ నమస్కారం. పండగ ముంగిట మీటింగు పెట్టారు. వెనక బెంచీల వాళ్ల బ్యాగులు కాళ్ల దగ్గరే కనిపిస్తున్నాయి. బస్సు టైమైతే లేచి వెళ్లిపోండి, నేనేమీ అనుకోను. భోగికి ఇంట్లో లేకపోతే మీ అమ్మగారు అనుకుంటారు.

ఇవాళ వివేకానందుడి జయంతి కూడా, జాతీయ యువజన దినోత్సవం. అందుకని ఆ ఫొటోకి పెద్ద దండ, ఈ ఫొటోకి చిన్న దండ పడింది. నాకు ఆక్షేపణ లేదు. కాకపోతే ఈ ఊళ్లో 1895లో పుట్టినాయన ఈయన. వచ్చే ఏడాది దండలు రెండూ ఒకే కొలతలో కట్టించమని మనవి.

నాకిచ్చిన అంశం ‘పరిశోధనలో యువత పాత్ర’. కాగితాల మీద రాసుకునే వచ్చాను. అయితే నాకు ముందు మాట్లాడిన వాళ్లు కణాలకి శక్తినిచ్చే ఏటీపీ చెప్పేశారు, ఫోలిక్ యాసిడ్ చెప్పేశారు, బోదకాలుకి వాడే హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సర్ వైద్యానికి దారి చూపిన మందులు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, 1995లో వచ్చిన తపాలా బిళ్లతో సహా అన్నీ చెప్పేశారు. నా వంతుకి ఏమీ మిగల్చలేదు. వాళ్లు వదిలేసింది ఒక్కటే ఉంది. ఆయన పీహెచ్‌డీ ఎలా చేశాడన్నది ఎవరూ చెప్పలేదు. ఏ సభలోనూ చెప్పరు. అది చెప్తాను.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ రావలసిన మనిషికి దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. అంటే అమెరికా ఓడ ఎక్కక ముందే, పైవాడి సంతకం ఎంత పని చేస్తుందో ఆయనకి అర్థమైపోయింది. 1922లో బోస్టన్‌లో దిగాడు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న డబ్బు, అంతే ఆధారం. హార్వర్డ్‌లో పగలు ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా. రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో పోర్టరు పని, రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం. ఆ తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. ఆ విభాగానికి పెద్ద ఓటో ఫోలిన్. మీ లాబ్ అరలో పసుపుపచ్చ ద్రవం ఉన్న సీసా ఉంటుందే, ఫోలిన్ రీఏజెంట్, ప్రొటీన్ కొలవడానికి వాడతారు, ఆ ఫోలిన్ గారే.

ఇక ఈ వరస వినండి. 1925లో భాస్వరం కొలిచే పద్ధతి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీ, అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని వేరుచేశాడు. పీహెచ్‌డీ పట్టా 1930లో. పాఠ్యపుస్తకంలోకి ఎక్కాల్సినవన్నీ ఎక్కాక పట్టా వచ్చింది! ఇంక్రిమెంటు కోసమో, పేరు ముందు ‘డాక్టర్’ కోసమో రిజిస్టర్ చేయించుకున్న వాళ్లు ఈ హాల్లో ఉంటే ఒకసారి ఆ తేదీలు మళ్లీ చూసుకోండి. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, ఇంక్రిమెంటు అందరికీ కావాలి.

ఆ భాస్వరం పద్ధతి మీ రికార్డుల్లో ఉంది, ‘ఫిస్కే-సుబ్బారో మెథడ్’ అని. సుబ్బారో అంటే ఎవరో ఫ్రెంచివాడు అనుకున్న కుర్రాణ్ణి నేను ఎమ్మెస్సీ వైవాలో చూశాను. ఆ కుర్రాడిది ఈ జిల్లాయే. ట్యూబులో ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ పోస్తారు, తర్వాత రిడ్యూసింగ్ రీఏజెంట్, మనం ఆన్సా అంటాం కదా, అది పోస్తారు. ఫాస్ఫేట్ ఎంతుంటే అంత నీలం. రంగు ఎంత చిక్కగా ఉందో కొలిచే కలరీమీటర్‌లో 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసి స్టాండర్డ్ గ్రాఫ్ గీస్తారు. వినడానికి ఇంతే. చేస్తే తెలుస్తుంది.

నా దగ్గర చేరిన ఒకమ్మాయికి వరసగా బ్లాంకు, అంటే శాంపిల్ వేయని ట్యూబు, నీలం తిరిగేది. బ్లాంకులో ఫాస్ఫేట్ ఉండకూడదు కదా, అదెందుకు నీలం అవుతుంది? రీఏజెంట్లు మళ్లీ కలిపింది. డిస్టిల్డ్ వాటర్ మార్చింది. కలరీమీటర్ పాడైందని కంపెనీ వాళ్లకి ఫోన్ చేయించింది. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్రపోయేది కాదు. చివరికి మా అటెండరు గారు ట్యూబు లైటుకి ఎత్తి చూసి, “మేడమ్, స్టోర్స్ వాళ్లు ఈసారి వేరే సర్ఫు పొడి ఇచ్చారు” అన్నాడు. ఆ పొడిలో ఫాస్ఫేట్ ఉంది. గాజుకి పట్టుకుని, ఎన్ని కుళాయి నీళ్లు పోసినా వదల్లేదు. ట్యూబులన్నీ ఆమ్లంలో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే బ్లాంకు తెల్లగా నిలబడింది. ఆ అమ్మాయి థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో మొదటి పేరు ఆ అటెండరు గారిదే పెట్టింది. నా పేరు రెండోది. నాకు బాగా నచ్చింది.

రంగు తప్పుగా వస్తే మనకి చిరాకు. సుబ్బారావు గారికి కూడా అలాంటిదే ఎదురైంది. కండరం నుంచి తీసిన ద్రవంలో ఈ పద్ధతి సరిగ్గా పని చేయలేదు. నీలం వెంటనే వచ్చి ఆగాలి. ఆగకుండా నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. మనమైతే ‘రీడింగ్ నిలబడటం లేదు, శాంపిల్ పోయింది’ అని సింకులో పారబోస్తాం. వాళ్లు పారబోయలేదు. అందులో ఏదో పదార్థం ఆమ్లం తగిలాక విరిగిపోతూ, కొంచెం కొంచెంగా ఫాస్ఫేట్ వదులుతోందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరానికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందన్న లెక్క అక్కడ మారిపోయింది. అప్పటిదాకా లాక్టిక్ యాసిడే మూలం అనుకునేవారు. ఆ కండరాల పరిశోధనకి 1922 నోబెల్ కూడా ఇచ్చి ఉన్నారు.

ఇక్కణ్ణుంచి నేను రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టేస్తున్నాను. ప్రిన్సిపాల్ గారు క్షమించాలి.

ఫిస్కే-సుబ్బారావు. గైడు పేరు, శిష్యుడి పేరు పక్కపక్కన. వందేళ్లయినా ఎవరూ విడదీయలేదు. ఇది గొప్పగా ఉంది కదా. మరి ఆ తర్వాత? హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. అదే విభాగంలో చదువుకుని, 1988లో నోబెల్ తీసుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక మాటన్నాడు. సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడ్లు, అంటే ఏటీపీ లాంటి పదార్థాలు, కొన్నింటిని చాలా ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందట, ఫిస్కే అసూయ వల్ల ఆ పని బయటికి రాలేదట. ఈ మాట మనవాళ్లం అభిమానం కొద్దీ అన్నది కాదు. ఆ విభాగం లోపలివాడు అన్నది.

మన సభల్లో ఈ ముక్క వచ్చేసరికి ‘తెల్లవాళ్లు మనవాణ్ణి తొక్కేశారు’ అని చప్పట్లు కొట్టించుకుంటారు. నాకు ఆ చప్పట్లు నచ్చవు. ఎందుకు నచ్చవో చెప్తాను.

నేను స్కాలర్‌గా ఎలుక కాలేయం నుంచి ఒక ఎంజైమ్ శుద్ధి చేసేదాన్ని. ఆ పని నాలుగు డిగ్రీల చలిలో చేయాలి, లేకపోతే ఎంజైమ్ చచ్చిపోతుంది. మే నెలలో బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే నేను స్వెట్టర్ వేసుకుని, చెవులకి మఫ్లర్ కట్టుకుని కోల్డ్ రూములో ఉండేదాన్ని. అమ్మోనియం సల్ఫేట్ చిటికెడు చిటికెడు వేస్తూ కలపాలి, గబుక్కున వేస్తే నురగ వచ్చి పాడవుతుంది. ఆ ఉప్పు బయటికి పోవడానికి ఎంజైమ్‌ని డయాలిసిస్ సంచీలో పోసి బఫర్ ద్రవంలో వేలాడేసి, రాత్రి కరెంటు పోతే జనరేటర్ వేయించడానికి వాచ్‌మన్‌ని లేపడానికి పరిగెత్తాలి. అలా చేసిన పని పేపరుగా అచ్చయింది. రీప్రింట్ల కట్ట పోస్టులో వచ్చింది, విప్పాను. పని చేసినవాళ్లకి దక్కాల్సిన మొదటి పేరు మా లాబ్‌లోనే ఉన్న ఒక సీనియరుది. ఆయన కోల్డ్ రూము తలుపు తెరిచి “చలేస్తోంది కదూ” అని పలకరించి వెళ్లిపోయేవాడు. నాది మూడోది. గైడు గారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన చాలా ప్రేమగానే చెప్పారు, “నీకేంటమ్మా, రేపు పెళ్లయిపోతుంది. వాడికి ఉద్యోగం కావాలి కదా” అని.

కోప్పడి ఉంటే నేనూ కోప్పడేదాన్ని. ప్రేమగా చెప్పేసరికి ఏమనాలో తెలియలేదు. అప్పటికి నా థీసిస్ మీద ఆయన సంతకం ఇంకా పడలేదు.

ఆ గైడు తెల్లవాడు కాదు. మన భాషలోనే, మన పప్పుచారు తినే నోటితోనే చెప్పారు. అందుకని ఆ చప్పట్లు నాకు ఎక్కవు. బోస్టన్‌లో ఎప్పుడో జరిగినదాని మీద కోపం తెచ్చుకోవడం సులువు. మన డిపార్ట్‌మెంట్లలో ఇవాళ జరుగుతున్నది అడగండి, హాలంతా కిందికి చూస్తుంది. ఇప్పుడు చూస్తున్నారు కూడా!

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక పేరు చెప్పకుండా పోలేను. కమలా సోహోనీ. 1933లో బొంబాయి నుంచి బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే, ఆడపిల్లవని సి.వి. రామన్ గారు చేర్చుకోనన్నారు. ఆమె గాంధేయురాలు, కదలనంది. ముందు ఏడాది పని చూసి అప్పుడు ఒప్పుకుంటామన్న షరతు మీద చేర్చుకున్నారు. తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి, బంగాళాదుంపలో కణాల శ్వాసక్రియకి కావలసిన సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ ఉందని చూపించి, 1939లో పీహెచ్‌డీ తీసుకుంది. మన దేశం నుంచి సైన్సులో పీహెచ్‌డీ అందుకున్న మొదటి మహిళ అంటారు, మన బయోకెమిస్ట్రీయే. థీసిస్ నలభై పేజీలు. మన యూనివర్సిటీల్లో మూడొందల పేజీలు లేకపోతే బైండింగ్ వాడు కూడా గౌరవించడు.

ఇంకో స్త్రీ పేరు శేషగిరి. సుబ్బారావు గారి భార్య. 1922లో ఓడ ఎక్కిన మనిషి మళ్లీ ఈ దేశం రాలేదు. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలో, నిద్రలోనే పోయారు. ఆ చిన్న దండ పడిన ఫొటో పక్కన ఆమె ఫొటో నేను ఏ సభలోనూ చూడలేదు. ఇంతకన్నా దాని గురించి మాట్లాడలేను.

డబ్బు సంగతి గబగబా చెప్పేస్తాను, టైము చూపిస్తున్నారు. జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, తెచ్చుకున్న వాళ్లకి 2023 జనవరి నుంచి నెలకి 37 వేలు, సీనియర్ ఫెలో అయ్యాక 42 వేలు, పైన ఇంటద్దె. అంకె బాగుంది. అది ఏ నెలలో చేతికొస్తుందన్నది వేరే విషయం. హాస్టల్ మెస్ బిల్లు మాత్రం ఒకటో తారీకునే వస్తుంది. సెంట్రల్ యూనివర్సిటీలో నెట్ లేని స్కాలర్‌కి నెలకి 8 వేలు. మన రాష్ట్రాల యూనివర్సిటీల్లో చాలామందికి అదీ లేదు. వాళ్లు పొద్దున కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పి, మధ్యాహ్నం సెంట్రిఫ్యూజ్ దగ్గర నిలబడుతున్నారు. ఇంటికి ఫోన్ చేస్తే “ఇంకా చదువేనా?” అని ప్రశ్న. మీలో పెద్దవాళ్లు, పండక్కి ఇంటికొచ్చిన స్కాలర్ పిల్లల్ని ఆ ప్రశ్న అడక్కండి. దయచేసి. “అరిసె తింటావా” అని అడగండి.

యూనివర్సిటీలకి పైనున్న యూజీసీ 2022లో పెట్టిన పీహెచ్‌డీ నిబంధనల్లో ఒక మంచి ఉంది. ఆడవాళ్లకి గడువు మీద రెండేళ్ల సడలింపు, కాన్పుకి, పిల్లల సంరక్షణకి 240 రోజుల దాకా సెలవు. నా కాలంలో ఇది లేదు. అదే నిబంధనల్లో థీసిస్‌కి ముందు పేపరు వేసి తీరాలన్న షరతు తీసేశారు. మంచిదే అంటాను, డబ్బు కట్టించుకుని అచ్చేసే దొంగ జర్నల్స్ బెడద కొంత తగ్గుతుంది. అయితే ఎవరు పని చేశారో, ఎవరి పేరు ఎక్కడుండాలో అనే గొడవ దానితో తీరదు.

అందుకని మీరు బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీకి వెళ్లేటప్పుడు టాపిక్ ఏంటని తర్వాత అడగండి. టాపిక్ మారుతుంది, అందరికీ మారుతుంది. ముందు ఆ లాబ్‌లో మూడో ఏడాది, నాలుగో ఏడాది చదువుతున్న స్కాలర్‌తో క్యాంటీన్‌లో కూర్చుని టీ తాగండి. గైడు ఎదురుగా కాదు, క్యాంటీన్‌లో. పేపర్లలో మొదటి పేరు ఎవరిదో కనుక్కోండి. ఆ లాబ్ నుంచి బయటికెళ్లిన వాళ్లు ఎన్నేళ్లకి వెళ్లారో అడగండి. పెళ్లయిన అమ్మాయిలు చదువు పూర్తి చేశారా, మధ్యలో వదిలేశారా అడగండి. చెప్పడానికి వాళ్లు నసిగితే, ఎంత పేరున్న గైడైనా సరే, ఇంకో తలుపు తట్టండి.

అధ్యాపక మిత్రులకి ఒక్క విన్నపం, దీని కోసమే నిజానికి ఇంత దూరం వచ్చాను. నా లాబ్‌లో స్కాలర్ చేరిన మొదటి రోజున నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకునేవాళ్లం. ప్రయోగం ఎవరు చేస్తే మొదటి పేరు వాళ్లది, మారిస్తే ఎందుకు మారుస్తున్నామో అందరి ముందు చెప్పి, రాసి, అందరూ సంతకం పెట్టాలి. కింద నేను, స్కాలర్, ఇద్దరం సంతకాలు. రెండుసార్లు గొడవలొచ్చాయి, రెండుసార్లూ ఆ పేజీ తెరిచి చూసుకున్నాం. ఒకసారి నేనే ఓడిపోయాను, నా పేరు కిందికి వెళ్లింది. ఫర్వాలేదు, అప్పటికే నాకు ప్రమోషన్ వచ్చేసింది.

ఆ పేజీని మళ్లీ టైపు చేయించి, జిరాక్సులు తీయించి తెచ్చాను. ఈ సంచీలో ఉన్నాయి. ఈ చుట్టుపక్కల కాలేజీల నుంచి గైడ్‌షిప్ ఉన్నవాళ్లు ఇక్కడ నలుగురైదుగురు ఉన్నారని విన్నాను. కిందికి దిగి ఒక్కొక్కరి దగ్గరికీ నేనే వస్తాను. పెన్ను కూడా నాదే ఇస్తాను. ప్రిన్సిపాల్ గారూ, మీకూ ముగ్గురు స్కాలర్లు ఉన్నారట కదా, మీతోనే మొదలుపెడదాం సార్.