చిరుత అని రాసింది నేనే

శ్రోతలందరికీ నమస్కారం అండి. మాది కందుకూరు. మా ఊరిని ఒకసారి ప్రకాశం జిల్లా అంటారు, ఒకసారి నెల్లూరు జిల్లా అంటారు, మాకు మాత్రం ఒంగోలు పోవాలన్నా నెల్లూరు పోవాలన్నా ఒకటే, రెండూ మావే. పన్నెండేళ్ళు ఒక పేపర్‌కి కంట్రిబ్యూటర్‌గా, అంటే ఊరి వార్తలు రాసి పంపేవాడిగా చేశా, ఇప్పుడు మానేశా. ఈ రోజు మాట్లాడేది ఆటగాళ్ళ గురించి, వాళ్ళని పేపర్లో, టీవీలో, ఫోన్లో ఎట్టా ఎత్తుతామో ఎట్టా పడేస్తామో దాని గురించి.

2025 ఆగస్టు 3, ఆదివారం. లండన్ ఓవల్లో ఇంగ్లండ్‌తో ఆఖరి టెస్టు. మా బస్టాండ్ దగ్గర టీ బంకులో ఫోన్‌ని గ్లాసుకి ఆనించి పెట్టారు, చుట్టూ ఎనిమిది మంది. ప్రసిద్ధ్ కృష్ణ బౌలింగు, హ్యారీ బ్రూక్ గట్టిగా లాగి కొట్టాడు, బౌండరీ దగ్గర సిరాజ్ క్యాచ్ పట్టాడు, పట్టి ఒక్క అడుగు వెనక్కేశాడు, కాలు తాడుకి తగిలింది. అప్పటికి బ్రూక్ 19 మీద ఉన్నాడు, ఆ తర్వాత 111 దాకా పోయాడు. ఆ బంకులో సిరాజ్‌ని ఏమేం తిట్టారో రేడియోలో చెప్పే మాటలు కావు. మర్నాడు సోమవారం అదే బంకు, అదే ఫోన్, అదే మనుషులు. ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, మనకి నాలుగు వికెట్లు కావాలి. సిరాజ్ యార్కర్‌కి ఆట్కిన్సన్ స్టంప్ లేచిపోయింది, 6 పరుగులతో గెలిచాం, ఆ ఇన్నింగ్స్‌లో సిరాజ్‌కి 5 వికెట్లు. ముందురోజు నోరు పారేసుకున్న పెద్దాయనే అందరికీ టీ చెప్పాడు, "మన హైదరాబాద్ పిల్లోడురా, ఆటో తోలే ఆయన కొడుకురా" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ ఆటో అన్న మాట దగ్గర నాకు గొంతు పట్టేసింది. ఎందుకంటే 2017లో ఐపీఎల్ వేలంలో సిరాజ్‌కి 2 కోట్ల 60 లక్షలు వచ్చినప్పుడు అన్ని పేపర్లూ అన్ని చానెళ్ళూ ఎత్తుకున్న హెడ్డింగ్ అదే, ఆటో డ్రైవర్ కొడుకు కోటీశ్వరుడు అని. రెండేళ్ళ తర్వాత 2019 ఐపీఎల్‌లో ఆ పిల్లోడు బాగా పరుగులిచ్చాడు, అప్పుడు జనం ఏమన్నారో తర్వాత అతనే బయటకి చెప్పాడు, పోయి మీ నాన్నతో కలిసి ఆటో తోలుకో అన్నారంట. చూడండి, రెండు చోట్లా అదే ఆటో. వేలం రోజు మనం అతని చేతిలో ఏం బంతి ఉందో రాయలేదు, సీమ్ ఎట్టా పడుతుందో రాయలేదు, ఇంటి ముందు ఏ బండి ఉందో రాశాం, పడేసే రోజు జనం చేతికి దొరికింది కూడా ఆ బండే. ఆ నాన్న 2020 నవంబర్లో చనిపోయాడు, కొడుకు ఆస్ట్రేలియాలో ఉన్నాడు, ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయి ఆ సిరీస్‌లో మన వైపు అందరికంటే ఎక్కువగా 13 వికెట్లు తీశాడు.

ఇది నేను ఇంకొకళ్ళని వేలెత్తి చూపించడానికి చెప్పడం లేదు. ఇదే పని నేనూ చేశా, చిన్న ఊర్లో చిన్న పేపర్ పేజీలో చేశా. అందుకే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నా.

మా కందుకూరు చుట్టుపక్కల ఊరి పిల్ల, పేరు చెప్పను, తొమ్మిదో తరగతి, కబడ్డీలో రైడర్. జిల్లా పోటీల్లో గెలిచి రాష్ట్ర స్థాయికి సెలక్ట్ అయింది, పీఈటీ సార్ ఫోన్ చేసి ఒకసారి వచ్చి గ్రౌండ్‌లో చూడు అన్నాడు. నేను గ్రౌండ్‌కి పోలా. ఇంటికి పోయా. ఎందుకంటే మా కంట్రిబ్యూటర్ల లెక్క అట్టా ఉండేది, జీతం కాదు లైన్ అకౌంట్, ఎన్ని లైన్లు పడితే అన్ని డబ్బులు, ఆట చూసి రాస్తే డెస్క్‌లో కోసి నాలుగు లైన్లు వేస్తారు, ఇల్లు చూసి రాస్తే ఫోటోతో బాక్స్ ఐటం, నలభై లైన్లు. వాళ్ళమ్మ పొగాకు గ్రేడింగ్‌కి పోతుంది, అప్పుడే పని నుంచి వచ్చింది, అరచేతులకి పొగాకు జిగురు నల్లగా అంటుకుని ఉంది, ఎంత కడిగినా పోదది. ఆ చేతులు కనపడేటట్టు నిలబెట్టి రేకుల ఇంటి ముందు తల్లీకూతుళ్ళని ఫోటో తీశా. హెడ్డింగ్ నేనే పెట్టా, "పేదింటి చిరుత" అని. జిల్లా పేజీలో పైనే వేశారు. ఊరంతా ఫోన్లు, సర్పంచ్ శాలువా కప్పాడు, ఆ పిల్లని స్కూల్లో అందరూ చిరుత చిరుత అని పిలవడం మొదలుపెట్టారు.

పది రోజులకి రాష్ట్ర పోటీలు. క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయారు. చివర్లో ఆ పిల్ల మూడుసార్లు కూతకి పోయి మూడుసార్లూ దొరికిపోయింది అని ఎవరో చెప్పారు. డెస్క్ నుంచి ఫోన్, నీ చిరుత ఏమైంది, ఫాలోఅప్ ఇవ్వు అని. ఈసారీ నేను గ్రౌండ్‌కి పోలా, మంచం మీద కూర్చునే రాశా. "చతికిలపడిన చిరుత". లోపల ఒక లైను కూడా వేశా, పొగడ్తలు తలకెక్కాయా అని క్రీడాభిమానులు అంటున్నారు అని. ఏ అభిమానీ అనలేదండి, ఆ మాట నాదే. ఫైల్లో ఉన్న పాత ఫోటోనే వేశారు, పక్కన అమ్మని కట్ చేసి.

ఆరు నెలల తర్వాత పీఈటీ సార్ ఒక పెళ్ళిలో కలిస్తే అసలు సంగతి తెలిసింది. ఆ పిల్ల అప్పటిదాకా మ్యాట్ మీద ఆడనే లేదు. స్కూల్లో వేపచెట్టు కింద మట్టిలో, ఒట్టి కాళ్ళతో ప్రాక్టీసు. మట్టిలో అయితే కాలు కొద్దిగా జారుతుంది, జారనిచ్చి తిరగడం అలవాటు, మ్యాట్ మీద కాలు జారదు, పట్టేస్తుంది, నడుం తిరుగుతుంది మోకాలు తిరగదు. దానికి తోడు వేరే పిల్ల దగ్గర అడిగి తెచ్చుకున్న బూట్లు, ఒక సైజు పెద్దవి. అంతకు ముందు మ్యాచ్‌లోనే మోకాలు వాచింది, చెప్తే ఆడనివ్వరని క్రేప్ బ్యాండేజి బిగించుకుని దిగింది. మ్యాట్ లేదు, బూట్లు లేవు, మోకాలు వాచింది, ఈ మూడింట్లో ఒక్కటి కూడా నా రెండు వార్తల్లో లేదు. మొదటి వార్తలో మ్యాట్ సంగతి రాసుంటే, శాలువా కప్పిన ఆ సర్పంచే ఏదో ఒక దారి చూసేవాడేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

పెద్ద ఆటగాళ్ళకి జరిగేది కూడా ఇదేనండి, కాకపోతే అక్కడ డబ్బు ఎక్కువ. 2023 నుంచి 2027 దాకా ఐదు సీజన్ల ఐపీఎల్ చూపించే హక్కులు 48,390 కోట్లకి పోయాయి. అంత పెట్టినోళ్ళకి రోజూ సాయంత్రం మనం కదలకుండా కూర్చోవాలి. బంతి లెంగ్త్ గురించి చెప్తే కొంతమంది కూర్చుంటారు, ఒకర్ని దేవుణ్ణి చేస్తే అందరూ కూర్చుంటారు, ఆ దేవుడు ఓడిన రోజు ఇంకా ఎక్కువమంది కూర్చుంటారు. 2007 మార్చి 17న వరల్డ్ కప్‌లో బంగ్లాదేశ్ మీద ఓడిపోతే రాంచీలో ధోనీ కడుతున్న ఇంటి మీద పడ్డారు జనం. అదే సంవత్సరం సెప్టెంబర్ 24న టీ20 కప్పు గెలిచాడు. మధ్యలో ఆరు నెలలు. ఆరు నెలల్లో ఒక మనిషి ఎంత మారతాడు చెప్పండి.

మన సింధు సంగతే తీసుకోండి. 2016 రియోలో వెండి పతకం తెచ్చినప్పుడు ఎత్తుకున్నాం. ఆ తర్వాత 2017లో గ్లాస్గోలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, జపాన్ అమ్మాయి ఒకుహరాతో 110 నిమిషాలు ఆడింది, అంతసేపు ఆ కోర్టులో నిలబడ్డమే ఎంత పనో బ్యాడ్మింటన్ ఆడినవాళ్ళకి తెలుసు, ఓడిపోయింది. 2018లో మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఓడింది. అప్పుడు మొదలైంది సిల్వర్ సింధు అని, ఫైనల్ అంటే భయం అని. వరసగా ఫైనల్‌కి రావడం అనేదే తప్పు అయిపోయింది! 2019 ఆగస్టు 25న బాసెల్‌లో అదే ఒకుహరాని 21-7, 21-7తో 38 నిమిషాల్లో కొట్టింది. ఆ 110 నిమిషాల్లో ఏం జరిగింది, ఈ 38 నిమిషాల్లో ఏం మార్చుకుంది, ఇది రాయొచ్చు కదా, మర్నాడు నేను చూసిన పేపర్లలో అంతా బంగారు తల్లి, బంగారు తల్లి.

హిమదాస్ కథ నన్ను ఇంకా బాధపెడుతుంది. 2018లో ఫిన్లాండ్‌లో అండర్-20 ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 51.46 సెకన్లలో పరిగెత్తి బంగారం తెచ్చింది, అది నిజంగా పెద్ద ఘనత. 2019 జూలైలో యూరప్‌లో మూడు వారాల్లోపు ఐదు బంగారాలు అని దేశమంతా ఊగిపోయింది. అవి ఎక్కడి పోటీలు? పోలెండ్‌లో, చెక్ దేశంలో జరిగిన చిన్న మీట్లు. ఆమె అప్పుడు యూరప్‌లోనే ట్రైనింగ్‌లో ఉండి, ఫామ్ చూసుకోవడానికి పరిగెత్తింది, అందులో ఆమె తప్పు ఏమీ లేదు. 400 మీటర్లలో తన సొంత టైం కంటే తక్కువ వేగంతోనే పరిగెత్తింది. సెకన్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు, పతకాలు మాత్రం లెక్కపెట్టి ఫార్వర్డ్ చేశాం. ఆ తర్వాత నడుం నొప్పితో దోహా వరల్డ్ ఛాంపియన్‌షిప్‌కి పోలేకపోయింది. జూలైలో ఆమెని ఎంత ఎత్తున పెట్టామో మనం, సెప్టెంబర్లో అక్కడ నుంచి ఆమె కిందకి పడ్డట్టు కనపడింది, నిజానికి ఆ పిల్ల ఎక్కడా పడలేదు, నడుం నొప్పితో ఆగింది, అంతే.

విమర్శ చెయ్యొద్దా అని అడుగుతారు. చెయ్యాలి. ఓవల్లో సిరాజ్ తాడు చూసుకోలేదు, అది ఆటలో పొరపాటు, అనొచ్చు, అనాలి కూడా. వాళ్ళ నాన్న ఏం పని చేశాడన్నది ఆ పొరపాటులో ఎక్కడుంది?

మన ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్ళలో బండలాగుడు పందేలు చూశారు కదా. అక్కడ మైకు పట్టుకున్నాయన నోటికి నేను దండం పెడతా. ఫలానా జత, ఇన్ని నిమిషాల్లో ఇన్ని అడుగులు, అంతే చెప్తాడు, కంఠం పెంచుతాడు గానీ లెక్క పెంచడు. జత ఓడితే చుట్టూ ఉన్న రైతులు ఎద్దుని తిట్టరు. దగ్గరకి పోయి గిట్టలు చూస్తారు, వలపటెద్దు గుంజుతుంటే దాపటిది కలవలేదు అంటారు, నేల మెత్తగా ఉంది కాళ్ళు దిగినాయి అంటారు, మేపు మారిందా అని అడుగుతారు. ఎద్దుకి ఇచ్చే ఆ మర్యాద, ఆ ఓపిక, తొమ్మిదో తరగతి పిల్లకి నేను ఇవ్వలేకపోయా.

2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టినప్పుడు, స్టాండ్స్‌లో వాళ్ళ నాన్న ఏడుస్తుంటే కెమెరా ఆయన మీదే నిలిచిపోయింది. అందరితో పాటు నేనూ ఏడ్చా. ఏడుస్తూనే భయం వేసింది, ఈ పిల్లోడు నాలుగు మ్యాచ్‌లు ఆడకపోతే ఈ నాన్న మొహాన్ని ఏం చేస్తారో అని.

ఆ పెళ్ళి తర్వాత వారానికి నేను ఆ పిల్ల వాళ్ళ ఇంటికి పోయా, తప్పు చేశానమ్మా అని చెప్దామని. అమ్మ లోపలికి రమ్మని కుర్చీ వేసింది, మజ్జిగ ఇచ్చింది. ఎదురుగా గోడకి నా రెండు కటింగులూ పక్కపక్కనే అన్నం మెతుకులతో అంటించి ఉన్నాయి, పైన ప్లాస్టిక్ కవర్ కూడా వేసి. పేదింటి చిరుత, చతికిలపడిన చిరుత. అమ్మకి చదువు రాదు. రెండింట్లోనూ కూతురి ఫోటో ఉంది. "రెండుసార్లు వేశారు సార్ మా పిల్లని, రెండోసారి నన్ను తీసేశారు గానీ" అని నవ్వింది.

ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఉంది, నా వైపు చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దు అని. నేను చెప్పలేదు. మజ్జిగ తాగి, మోకాలు ఎట్టా ఉందమ్మా అని అడిగి, ఆ సాయంత్రం మొదటిసారి ఆ స్కూల్ గ్రౌండ్‌కి పోయి వేపచెట్టు కింద కూర్చున్నా.