పిరమిడ్ కాదు, ఇంటి దిబ్బ ఎక్కడుందో అడగండి

అందరికీ నమస్కారం. మధ్య అమెరికాలోని మాయా అనే ప్రజల పాత నగరాల్లో జరిగే ఫీల్డ్ స్కూల్‌కి, అంటే స్టూడెంట్లు తవ్వుతూ నేర్చుకునే శిక్షణకి, వెళ్ళాలని మీలో కొందరు గట్టిగా అనుకుంటున్నారని మేడమ్ చెప్పారు, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. అప్లికేషన్ పెట్టేముందు వాళ్ళని ఒక్క మాట అడగండి, ఈ సీజన్‌లో తవ్వేది ఏమిటని. గుడి అనో రాజు సమాధి అనో చెబితే మంచిదే, కానీ మామూలు జనం ఇళ్ళు అని చెప్పారంటే ఆ రోజే ఫారం నింపేయండి.

నేను బెలీజ్ గురించే మాట్లాడతాను, నేను వెళ్ళింది అక్కడికే. గ్వాటెమాలా పక్కన చిన్న దేశం, 1981 దాకా బ్రిటిష్ పాలనలో ఉంది, అధికార భాష ఇంగ్లీషు, అందుకని స్పానిష్ రాకపోయినా మనకి పని నడిచిపోతుంది. పడమటి వైపు కాయో జిల్లాలో శాన్ ఇగ్నాసియో ఊరి చుట్టుపక్కలే కహల్ పెచ్, షునాన్‌తునిచ్, బేకింగ్ పాట్ అనే పాత మాయా నగరాలున్నాయి. 1988లో అక్కడ ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టిన జైమీ ఆవే ఆ దేశస్థుడే, తర్వాత ప్రభుత్వ పురావస్తు సంస్థకి డైరెక్టర్‌గా కూడా చేశారు. షునాన్‌తునిచ్‌లో ఎల్ కాస్టిల్లో అనే పిరమిడ్ దాదాపు 40 మీటర్ల ఎత్తుంటుంది, సెలవు రోజున తప్పకుండా ఎక్కండి, పైనుంచి చూస్తే అవతల గ్వాటెమాలా కనిపిస్తుంది.

ఇంటి దిబ్బ అలా కనిపించదు. చాలాచోట్ల మోకాలెత్తు కూడా ఉండదు, చెట్ల కింద దాని మీదుగా నడిచి వెళ్ళిపోయినా మనకి తెలియదు. మధ్యలో వాకిలి, చుట్టూ రెండు మూడు అరుగులు, ఒక్కో అరుగు మీద కర్రలతో, ఆకుల కప్పుతో ఇల్లు. ఆ ఇల్లు ఎప్పుడో పోయింది, అరుగు మిగిలింది. దాన్ని నిలువుగా కోసి చూస్తే గోడలో తెల్లటి గీత, కింద రాళ్ళూ కుండ పెంకులూ కలిసిన మట్టి, మళ్ళీ తెల్లటి గీత. ప్రతి గీతా ఒకప్పటి సున్నపు గచ్చు. తాత వేసిన నేల మీద కొడుకు, దాని మీద మనవడు వేసుకుంటూ పోయారు, చాలాసార్లు తమవాళ్ళని ఆ నేల కిందే పూడ్చిపెట్టుకున్నారు. బెలీజ్ నదీ లోయలో తల దక్షిణానికి పెట్టి, బోర్లా పడుకోబెట్టడం ఎక్కువగా కనిపిస్తుంది. దక్షిణం అనగానే మనవాళ్ళకి మన పద్ధతులు గుర్తొస్తాయి, దయచేసి వెంటనే పోలిక కట్టకండి, వాళ్ళ ఆచారాన్ని వాళ్ళ మట్టిలోనే అర్థం చేసుకోవాలి.

మా గుంటలో పనిచేసిన పెద్దాయన సుకోట్స్ గ్రామం మనిషి. నేను తాపీతో మట్టి గీరుతుంటే ఆయన అవతల జల్లెడ పడుతూ, ఇటు చూడకుండానే ఆగమన్నారు. వదులు మట్టి మీద తాపీ బరబరమంటుంది, గచ్చు తగలగానే శబ్దం సన్నబడుతుంది, ఆ తేడా ఆయన చెవికి దూరం నుంచే తెలిసిపోయింది. చీపురుతో ఊడిస్తే అరచేతంత తెల్లటి నేల బయటపడింది. అక్కడ ప్రొఫెసర్లతో పాటు ఇలాంటివాళ్ళ దగ్గర కూడా నేర్చుకోవాలి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ మాయా కుటుంబాలున్నాయి, దక్షిణాన టొలెడో జిల్లాలో మాయా ప్రజల సంప్రదాయ భూమి హక్కుని కరీబియన్ కోర్టు 2015లో గుర్తించింది. బ్రోషర్‌లో ‘అదృశ్యమైన జాతి’ అని రాసుకున్న ప్రోగ్రామ్ జోలికి పోకండి.

ఇళ్ళ మీదే ఎందుకింత పట్టు అంటారా? 2018లో గ్వాటెమాలా అడవిలో సుమారు 2,100 చదరపు కిలోమీటర్ల మేర విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిచిన సర్వే ఫలితాలు బయటికొచ్చాయి. అందులో 60,000కు పైగా కట్టడాలు తేలాయి. అన్ని కట్టడాలు కట్టుకున్న జనం ఏం తిన్నారు, 9వ శతాబ్దంలో నగరాలు ఎందుకు ఖాళీ అయ్యాయి అన్నవి ఇంకా తెగని ప్రశ్నలు. దక్షిణ బెలీజ్‌లోని యోక్ బాలుమ్ గుహలో, నీటి చుక్కలు పడి పేరుకున్న సున్నపు స్తంభాల పొరలు కరువు కాలాల్ని చెబుతాయి, కానీ ఆ కరువులో ఒక కుటుంబం ఎన్నాళ్ళు నిలబడింది, ఆఖరి గచ్చు ఎప్పుడు వేసుకుంది అన్నది ఇల్లే చెప్పాలి. మామూలు రైతు ఇంట్లో కూడా నల్లగా గాజులా మెరిసే అబ్సిడియన్ అనే అగ్నిపర్వతపు రాతితో చేసిన బ్లేడు ముక్క దొరుకుతుంది. చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రంతో చూస్తే అది గ్వాటెమాలా కొండల్లోని ఎల్ చయాల్‌దో, ఇష్టెపెకేదో తేలుతుంది. అంత దూరం నుంచి ఆ రాయి ఆ ఇంటి దాకా ఎలా వచ్చిందో ఆలోచించండి!

దొరికింది ఏదైనా సర్కారుదే, చిన్న పెంకు కూడా జేబులోకి వెళ్ళకూడదు. ఇందులో రాజీ లేదు. 2013లో ఉత్తర బెలీజ్‌లోని నోహ్‌ముల్ దగ్గర ఒక పిరమిడ్‌ని రోడ్డు కంకర కోసం బుల్‌డోజర్‌తో కూల్చేశారు, పోయింది ఇక తిరిగి రాదు.

ఎక్కువ ప్రోగ్రామ్‌లు మే నుంచి జూలై మధ్య నడుస్తాయి, జూన్‌లో వానలు మొదలవుతాయి. పూర్తి చేతుల చొక్కా, గట్టి బూట్లు కావాలి. పిడుదులుంటాయి, ఫెర్-డి-లాన్స్ అనే విషసర్పం ఉంటుంది, పాయిజన్‌వుడ్ చెట్టు రసం తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. సాయంత్రాలు టూత్‌బ్రష్‌తో పెంకులు కడగడం, సంచులకి చీటీలు రాయడం. విసుగు పుట్టినా శ్రద్ధగా చేయండి, చీటీ లేని పెంకు ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్ళు యూనివర్సిటీ క్రెడిట్లకి విడిగా కట్టాలా, స్కాలర్‌షిప్ ఉందా అని ముందే అడగండి.

ఇంకొకటి, ప్రభుత్వ పర్మిట్ మీద తవ్వే ప్రాజెక్టులు పని గురించి రిపోర్టు ఇవ్వాలి. కిందటి సీజన్ రిపోర్టు పంపమని మెయిల్ పెట్టండి. వస్తే ఇళ్ళ తవ్వకాల భాగం చదివి, అది రాసినవాళ్ళకి మీ సందేహాలు పంపండి. చాలాసార్లు వాళ్ళూ స్టూడెంట్లే, ఓపిగ్గా జవాబిస్తారు.